ప్రొజెక్టర్ హెడ్‌లైట్లు: బిగింపు ఊగుతోంది, వానకు లోపల నీరు చేరుతోంది

ప్రశ్న: పాకాల రోడ్డు, తిరుపతి

నా పాత స్విఫ్ట్ కారు కంపెనీ నుంచి హెచ్4 హాలోజన్ బల్బులతో, మామూలు రిఫ్లెక్టర్ హెడ్‌లైట్లతో వచ్చింది. రాత్రిపూట పూతలపట్టు మీదుగా చిత్తూరుకు తరచుగా వెళ్లవలసి రావడంతో వాటిలో బై-జినాన్ ప్రొజెక్టర్లు, అంటే ఒకే జినాన్ బల్బుతో డిమ్, హై బీమ్ రెండూ ఇచ్చే, ముందు లెన్సు ఉన్న లైట్లు పెట్టించాను. దుకాణం పేరు ఇక్కడ అవసరం లేదు. మొదట్లో వెలుగు చాలా బాగుండేది. రోడ్డు అంచు, మధ్య గీత, చీకట్లో రోడ్డు దాటే పశువులు ఎంతో ముందుగా కనిపించేవి. ఒక ఎండాకాలం, ఆ తరువాత వచ్చిన ఈశాన్య రుతుపవనాల వానలు గడిచేసరికి రెండు ఇబ్బందులు మొదలయ్యాయి.

మొదటిది నీరు. వాన వెలిసిన తరువాత ఎడమ హెడ్‌లైట్ గ్లాసుకు లోపలి వైపు ఆవిరి పట్టడమే కాక, అడుగున నీరు నిలుస్తోంది. కుడి హెడ్‌లైట్‌లో నీరు నిలవదు గానీ, తెల్లవారుజామున ఒక మూల మసకగా ఉండి, లైటు వేసిన కొంతసేపటికి తేటపడుతుంది. రెండవది బిగింపు. గోడకు ఎదురుగా కారు నిలిపి చూస్తే కుడి లైటు డిమ్ వెలుగు పై అంచున వెలుగునూ చీకటినీ విడదీసే కటాఫ్ గీత ఒక పక్కకు వాలి ఉంది. గతుకుల రోడ్డు మీద ఎడమ లైటు గీత వణుకుతోంది. నేను డిమ్‌లోనే వెళుతున్నా ఎదురుగా వచ్చే లారీలవారు హై బీమ్ వేసి ఆర్పుతున్నారు.

వెనుక మూత తీసి కనిపించినంత మేరకు చూశాను. ప్రొజెక్టర్‌ను రిఫ్లెక్టర్ గిన్నెకు రెండు ముద్దలు కలిపి వాడే ఎపాక్సీతో అతికించారు. గ్లాసూ హౌసింగూ (లైటు వెనుక ప్లాస్టిక్ డబ్బా) కలిసే అతుకు చుట్టూ, ఆరేటప్పుడు పుల్లని వాసన వచ్చే రకం తెల్ల సిలికాన్ పూశారు. తీగల కోసం వెనుక రబ్బరు మూతకు రంధ్రం కోసి, దాన్నీ అదే సిలికాన్‌తో పూడ్చారు. హౌసింగ్ వెనుక ఉండే రెండు చిన్న గాలి గొట్టాలను కూడా మూసేశారు. రిఫ్లెక్టర్ మెరుపు మీద తెల్లని పొర పట్టింది.

లైటు విప్పకుండానే బయటి నుంచి మరికొంత సిలికాన్ పూస్తే సరిపోతుందా, లేక మొత్తం విప్పి మళ్లీ చేయించాలా? చేయిస్తే ప్రొజెక్టర్‌ను దేనితో బిగించాలి, అతుకును దేనితో మూయాలి? లోపల సిలికా జెల్ పొట్లాలు పెడితే ఆవిరి పోతుందని ఒకరు చెప్పారు, అది నిజమేనా?


జవాబు: హెడ్‌లైట్ల పని, చిత్తూరు

బయట మరో పొర సిలికాన్ పూస్తే నీరు రావడం ఆగదు, వచ్చిన నీరు పోవడం మాత్రం ఆగుతుంది. లైటు విప్పక తప్పదు. సీలింగ్ గురించి ప్లాస్టిక్ తెలిసినవారు ఎవరైనా నాకంటే బాగా చెబుతారు కనుక నేను బిగింపు గురించే వివరంగా రాస్తాను. నీరు చేరితే నష్టం మీ ఒక్కరికే. బిగింపు కదిలితే ఎదురుగా వచ్చేవాడి కళ్లలో వెలుగు పడుతుంది.

డిమ్ వెలుగును గోడ మీద సరిచూసేటప్పుడు సాధారణంగా పాటించే లెక్క ఒక శాతం. అంటే 10 మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద కటాఫ్ గీత, లైటు మధ్యభాగం ఉన్న ఎత్తుకంటే 10 సెంటీమీటర్లు కిందుగా పడాలి. లైటు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ వెలుగు సుమారు 65 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. ఇప్పుడు ప్రొజెక్టర్‌ను పట్టి ఉంచే ఆనికల వైపు చూడండి. పై ఆనికకూ కింది ఆనికకూ మధ్య 10 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే, వాటిలో ఒకటి ఒక్క మిల్లీమీటరు కుంగినా వెలుగు ఒక శాతం పైకో కిందికో మారుతుంది. పైకి మారితే మీరు గోడ మీద వదిలిన 10 సెంటీమీటర్లూ అంతటితో సరి. చిన్న ప్రొజెక్టర్లలో ఆనికల మధ్య దూరం ఇంకా తక్కువ కనుక, అదే ఒక్క మిల్లీమీటరుకు వెలుగు ఇంకా ఎక్కువ కదులుతుంది. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే ప్రొజెక్టర్‌ను జిగురు మీద నిలబెట్టడం ఎందుకు కూడదో వేరే చెప్పనక్కర లేదు.

గది వేడిమిలో గట్టిపడే మామూలు ఎపాక్సీలలో చాలా వరకు 60, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వచ్చేసరికి బిగువు కోల్పోవడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండలో నిలిపిన కారు హెడ్‌లైట్‌లో, పైగా లోపల 35 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు, ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. మెత్తబడిన జిగురు మీద ముందుకు బరువున్న ప్రొజెక్టర్ కొద్దికొద్దిగా వాలి, చల్లబడినప్పుడు ఆ వాలులోనే గట్టిపడుతుంది. మీ కుడి గీత ఎండాకాలం తరువాత వాలిందంటే కారణం బహుశా ఇదే. ఎక్కువ వేడికి తట్టుకునే ఎపాక్సీలు ఉన్నాయి, వాటిని నేనూ వాడతాను, కానీ బోల్టులతో బిగించిన తరువాత సందు నింపడానికి మాత్రమే.

మీరు పెట్టించుకున్న ప్రొజెక్టర్ ఏ రకమో ముందు చూడండి. బయట మార్కెట్లో రెట్రోఫిట్ (పాత లైట్లలో అమర్చడం) కోసమే తయారైన చిన్న ప్రొజెక్టర్లకు వెనుక మరలున్న గొట్టం ఉంటుంది. అది హెచ్4 బల్బు రంధ్రం గుండా వెనక్కి వస్తే, లోపలి వైపు ఒక రేకు వాషర్, బయటి వైపు మరొక వాషర్, వాటి మీద పెద్ద నట్టు పడి, రిఫ్లెక్టర్ గిన్నె ఆ రెండింటి మధ్య బిగుసుకుంటుంది. ఇలాంటిదైతే ఎపాక్సీ అసలు అవసరమే లేదు. మీ దుకాణంవారు నట్టు ఎందుకు వాడలేదో నాకు అర్థం కావడం లేదు. వేరే కారు లైటు నుంచి తీసిన కంపెనీ ప్రొజెక్టర్ అయితే దానికి నాలుగు వైపులా చెవులు ఉంటాయి. అప్పుడు రిఫ్లెక్టర్‌కు నాలుగు రంధ్రాలు చేసి, ఒకే పొడవుకు కోసిన లోహపు గొట్టం ముక్కలు మధ్యలో పెట్టి, బోల్టులు వేయాలి. ఆ ముక్కల పొడవులో తేడా వస్తే పైన చెప్పిన మిల్లీమీటరు లెక్క మొదటి రోజే మిమ్మల్ని పట్టుకుంటుంది.

ఏ రకమైనా ప్రొజెక్టర్ రిఫ్లెక్టర్‌కే బిగియాలి, హౌసింగ్‌కు తగలకూడదు. హెడ్‌లైట్ ఎత్తు సవరించే స్క్రూలు కదిలించేది రిఫ్లెక్టర్‌ను. ప్రొజెక్టర్ హౌసింగ్‌ను ఆనుకుంటే, లేదా వెనుక గొట్టం మూతకు రాసుకుంటే, స్క్రూ తిప్పినప్పుడు గిన్నె వంగుతుంది గానీ వెలుగు సరిగా కదలదు.

ఎడమ గీత వణుకుడుకు కారణం కనిపెట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. లైటు విప్పాక ప్రొజెక్టర్‌ను వేళ్లతో పట్టుకొని మెల్లగా ఆడించండి. గిన్నె కదలకుండా ప్రొజెక్టర్ ఒక్కటే కదిలితే బిగింపు వదులైంది. రెండూ కలిసి కదిలితే గిన్నెను మూడు చోట్ల పట్టుకునే గుండు కీళ్లలో, అంటే సవరణ స్క్రూల కొసలు కూర్చునే ప్లాస్టిక్ గూళ్లలో, అరుగుదల ఉంది. ఆ గూళ్లు తేలికైన హాలోజన్ గిన్నెను మోయడానికి చేసినవి. మనం వాటి మీద లోహపు ప్రొజెక్టర్ బరువు పెడుతున్నాం. గూళ్లు అరిగితే అవే మార్చాలి. అక్కడ జిగురు వేస్తే ఎత్తు సవరణ శాశ్వతంగా పోతుంది.

బోల్టుల గురించి ఇంకొక్క మాట. వదులు కాకుండా మరలకు పూసే ఎర్ర, నీలి ద్రవాలు పాలీకార్బొనేట్ వంటి ప్లాస్టిక్‌లకు తగిలితే వాటిలో సన్నని చీలికలు తెస్తాయి. హెడ్‌లైట్ లోపల వాటికి బదులు నైలాన్ వలయం ఉన్న లాక్ నట్టులు గానీ స్ప్రింగ్ వాషర్లు గానీ వాడడం మంచిది. రిఫ్లెక్టర్ గాజునార కలిసిన గట్టి ప్లాస్టిక్ అయితే కోసేటప్పుడు సన్నని ధూళి లేస్తుంది కనుక ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఆ ధూళిని మెరుపు పూత మీద నుంచి గుడ్డతో తుడవవద్దు, గాలితో ఊదండి. ఆ పూత ఎంత పలుచనిదంటే మెత్తని గుడ్డకు కూడా గీతలు పడుతుంది.


జవాబు: ప్లాస్టిక్ మౌల్డింగ్, రేణిగుంట

బిగింపు గురించి పై వారు రాసినదానికి నేను చేర్చవలసింది లేదు. నీటి విషయంలో మీ దుకాణంవారు చేసిన అసలు పొరపాటు సిలికాన్ వాడడం కంటే కూడా గాలి గొట్టాలు మూయడం. వినడానికి ఇది తలకిందుగా ఉంటుంది కనుక కారణం వివరిస్తాను.

లైటు వెలుగుతూ లోపలి గాలి 70 డిగ్రీలకు చేరిందనుకోండి. అప్పుడు హఠాత్తుగా వాన పడి, లేదా మీరు బకెట్ నీళ్లు పోసి, అది 25 డిగ్రీలకు దిగిందనుకోండి. ఈ రెండు వేడిమిల మధ్య గాలి పరిమాణం సుమారు 13 శాతం తగ్గాలి. గొట్టాలు తెరిచి ఉంటే ఆ మేరకు బయటి గాలి నెమ్మదిగా లోపలికి వస్తుంది. అన్నీ మూసి ఉంటే లోపల ఒత్తిడి అదే 13 శాతం పడిపోతుంది, అంటే సుమారు 1.3 మీటర్ల ఎత్తు నీటిని పైకి లాగగల చూషణ పుడుతుంది. అతుకులో ఎక్కడో ఒకచోట సూదిమొన అంత సందు ఉండి, దాని మీద వాన నీరు నిలిచి ఉంటే, హెడ్‌లైట్ సిరంజి లాగా ఆ నీటిని పీల్చుకుంటుంది. మళ్లీ లైటు వేడెక్కినప్పుడు ఆ సందు గుండా గాలి బయటికి పోతుంది గానీ అడుగున చేరిన నీరు పోదు. కాబట్టి గట్టిగా మూసిన కొద్దీ మిగిలిన ఒక్క సందు ప్రమాదకరం అవుతుంది. తయారీదారులు గొట్టాలు పెట్టింది ఈ ఒత్తిడి తేడా రాకుండా చూడడానికే. కొన్ని లైట్లలో అవి కిందికి వంగిన రబ్బరు గొట్టాలు, కొన్నింటిలో గాలిని వదిలి నీటిని ఆపే సన్నని పొర అతికించిన రంధ్రాలు. ఏ రూపంలో ఉన్నా వాటిని తెరిచే ఉంచాలి.

మీ రెండు లైట్ల లక్షణాలూ వేరు. కుడి లైటులో తెల్లవారుజామున కనిపించి, వెలిగించాక పోయే మసక, గాలిలో సహజంగా ఉండే తేమ. దాన్ని లోపంగా లెక్కించకండి. నాలుగు లీటర్ల హౌసింగ్‌లో 30 డిగ్రీల ముసురు గాలి నిండి ఉన్నా, అందులోని మొత్తం ఆవిరి గ్రాములో పదో వంతు మాత్రమే, అంటే రెండు చుక్కల నీరు. ఎడమ లైటు అడుగున నిలిచినది రెండు చుక్కలు కాదు కనుక అది బయటి నుంచి వచ్చినదే. సిలికా జెల్ పొట్లానికి కూడా ఈ లెక్కే జవాబు: మూసిన డబ్బాలో అది పనిచేస్తుంది. రోజూ బయటి గాలి వచ్చిపోయే హెడ్‌లైట్‌లో అది కొద్ది కాలంలోనే తేమతో నిండిపోయి ఊరక పడి ఉంటుంది.

ఇక సిలికాన్. దాని మీద నాకు మూడు అభ్యంతరాలు ఉన్నాయి. పుల్లని వాసన ఎసిటిక్ ఆమ్లానిది. ఆరేటప్పుడు వెలువడే ఆ ఆవిరి మూసిన హౌసింగ్‌లో రిఫ్లెక్టర్ అల్యూమినియం పూతను తినేయగలదు. మీరు చెప్పిన తెల్ల పొర దాని వల్ల కావచ్చు, అతకడానికి ఎక్కడైనా సూపర్ గ్లూ వాడి ఉంటే దాని ఆవిరి వల్ల కూడా కావచ్చు. రెండవది, హౌసింగ్ సాధారణంగా పాలీప్రొపిలీన్. ఈ ప్లాస్టిక్‌కు మామూలు జిగుర్లు ఏవీ గట్టిగా పట్టవు, సిలికాన్ కూడా అంతే. కొంత కాలానికి అంచు లేస్తుంది. ఫ్యాక్టరీలో కూడా హౌసింగ్ అంచున గ్లాసు కూర్చునే గాడికి మంటతోనో ప్లాస్మాతోనో ఉపరితలాన్ని సిద్ధం చేసిన తరువాతే జిగురు వేయడం పరిపాటి. మూడవది చాలామందికి తెలియదు: సిలికాన్ ద్రవ రూపంలోని నీటిని ఆపుతుంది గానీ నీటి ఆవిరిని తనగుండా బాగా పోనిస్తుంది. అతుకులకు వాడే మెత్తని రబ్బరు జిగురు బ్యుటైల్ దీనికి పూర్తిగా విరుద్ధం. టైర్ల లోపలి ట్యూబులు బ్యుటైల్ రబ్బరుతో చేసేది అది గాలిని అంత బాగా పట్టి ఉంచుతుంది కనుకనే.

అతుకుకు నా సలహా బ్యుటైల్ తాడు. కొందరు కారు ముందు అద్దాలు (విండ్‌షీల్డ్) అతికించే పాలీయురేథేన్ వాడతారు. అది బలమైనదే. ప్రైమర్ పూసి వేస్తే పాలీప్రొపిలీన్‌కు కూడా పడుతుంది. కానీ ఒకసారి గట్టిపడితే వేడికి మెత్తబడదు, తరువాత లైటు తెరవాలంటే కోయవలసిందే. బై-జినాన్ ప్రొజెక్టర్‌లో హై బీమ్ కోసం కదిలే రేకు, దాన్ని లాగే సోలెనాయిడ్ (విద్యుదయస్కాంతం) ఉంటాయి. అవి ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తాయి కనుక, మళ్లీ తెరవగలిగే అతుకే కావాలి. పైగా పాలీకార్బొనేట్ గ్లాసు, పాలీప్రొపిలీన్ హౌసింగ్ వేడికి ఒకే కొలతలో సాగవు. ఎండకూ రాత్రి చలికీ మధ్య అతుకు పొడవున అర మిల్లీమీటరు దాకా తేడా రావచ్చు. ఎప్పటికీ మెత్తగా ఉండే బ్యుటైల్ ఆ కదలికను తట్టుకుంటుంది.

కొత్త బ్యుటైల్ వేసే ముందు పాత సిలికాన్‌ను గాడిలో నుంచి పూర్తిగా గీకి తీయాలి. ఈ పనికి ఓపిక కావాలి, దీన్ని వదిలేస్తే మిగతా అంతా వృథా. సిలికాన్ జిడ్డు మిగిలిన చోట ఏదీ పట్టదు, కొత్త సిలికాన్ కూడా సరిగా పట్టదు. ప్లాస్టిక్ చెంచా వంటి మొద్దు అంచుతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గాడిని సన్నని ఇసుక కాగితంతో కొద్దిగా గరుకు చేయండి. పెట్రోలు, థిన్నర్ గ్లాసు దగ్గరకు తేవద్దు. పాలీకార్బొనేట్ పగుళ్లు పడుతుంది.

తెల్ల పొర గురించి పెద్దగా బాధపడవద్దు. ఇప్పుడు వెలుగు ప్రొజెక్టర్ సొంత గిన్నె, సొంత లెన్సు నుంచి వస్తోంది కనుక పాత రిఫ్లెక్టర్ అలంకారంగా మాత్రమే మిగిలింది. పొర ప్రొజెక్టర్ లెన్సు మీద కూడా ఉంటేనే ఆలోచించాలి.


ప్రశ్న అడిగినవారు: పాకాల రోడ్డు, తిరుపతి

ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రొజెక్టర్‌కు వెనుక మరల గొట్టం ఉంది. నట్టు కూడా ఉంది గానీ దాని కింద వాషర్ లేదు, గిన్నె రంధ్రం దానికంటే పెద్దదిగా ఉంది. ఆ ఖాళీనే ఎపాక్సీతో నింపినట్టున్నారు. ఎలాగూ విప్పుతున్నాం కనుక జినాన్ తీసేసి బై-ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లు వేసుకోవడం మంచిదా? బ్యాలస్ట్ (జినాన్ బల్బుకు అధిక వోల్టేజీ ఇచ్చే పెట్టె), దాని అధిక వోల్టేజీ తీగలు ఉండవు కనుక మూతకు పెద్ద రంధ్రం అవసరం ఉండదని అనుకుంటున్నాను.


జవాబు: ఘాట్ రోడ్డు డ్రైవర్, తిరుపతి

ఎల్‌ఈడీ సంగతి పని తెలిసినవారు చెబుతారు. నేను రోజూ బండి నడిపేవాణ్ని కనుక రెండు విషయాలు చెప్పాలి.

కటాఫ్ గీతలో ఒకవైపు మెట్టులా పైకి లేచే భాగం ఉంటుంది. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం కనుక ఆ మెట్టు డ్రైవరు చూపులో ఎడమకు లేవాలి, అప్పుడే అది ఎడమ అంచును, పాదచారులను, బోర్డులను చూపిస్తుంది. అమెరికా, ఐరోపా ఖండపు దేశాల కోసం చేసిన ప్రొజెక్టర్‌లో ఆ మెట్టు కుడికి లేస్తుంది. దాన్ని ఇక్కడ పెడితే ఎంత సరిగా బిగించినా ఎదుటివాడి ముఖం మీదే వెలుగు పడుతుంది. లారీలవారు హై బీమ్ వేస్తున్నారంటే గీత వాలు కంటే ముందు ఇది చూడండి. తిరుమల ఘాట్‌లో 1974లో రెండో రోడ్డు వచ్చాక ఎక్కే బండ్లు, దిగే బండ్లు వేరు దారుల్లో పోతున్నాయి కనుక అక్కడ ఈ తేడా అంతగా తెలియదు. భాకరాపేట ఘాట్‌లో మాత్రం రెండు వైపులా వచ్చే బండ్లు ఒకే రోడ్డు మీద, మలుపులో మలుపు తిరుగుతూ ఎదురవుతాయి. అక్కడ ఒక్క క్షణం కళ్లు చెదిరితే చాలు. ఇంకో సంగతి, పదునైన కటాఫ్ ఉన్న ప్రొజెక్టర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు గీతకు పైన ఉన్నదంతా నల్లగా కనిపిస్తుంది. అలవాటు లేనివారు దానికి భయపడి లైట్లు పైకి లేపుతారు. అలా చేయకండి, అవసరమైన చోట హై బీమ్ వేసుకోండి.

రెండవది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ ఉన్నాయి. చాలామంది పట్టించుకోరు, పోలీసులు కూడా ప్రతిసారీ అడగరు. కానీ ప్రమాదం జరిగి బీమా సర్వేయరు బండి చూసే రోజున ఆ లైట్లు మీకు వ్యతిరేకంగా మాట్లాడతాయి. అందుకే పాత గిన్నెలు, బల్బులు పారేయకుండా దాచుకోండి. నన్నడిగితే, ఇదే కారులో పై రకానికి కంపెనీయే ప్రొజెక్టర్ లైట్లు ఇచ్చి ఉంటే, పాతవి విప్పించడం కంటే అవి తెచ్చి పెట్టుకోవడమే మేలు అంటాను.


జవాబు: హెడ్‌లైట్ల పని, చిత్తూరు

డ్రైవర్ గారు మెట్టు గురించి చెప్పినది నేను ముందే రాయవలసింది. చట్టం గురించి కూడా వారి మాట కాదనను. నా దగ్గరకు వచ్చేవారికి నేనే ముందుగా చెబుతాను, ఆ తరువాత నిర్ణయం వారిది.

ఎల్‌ఈడీకి మారాలన్న ఆలోచన మీ స్విఫ్ట్‌లో నాకు నచ్చలేదు. బై-ఎల్‌ఈడీ ప్రొజెక్టర్‌కు వెనుక వేడిని లాగే లోహపు రెక్కలు, ఫ్యాను ఉంటాయి. ఆ ఫ్యాను మూసిన హౌసింగ్‌లోని గాలినే తిప్పుతుంది. మన ఎండలకు లోపల వేడి పెరిగితే, దానికి కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్ తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించేస్తుంది. మీరు అంతగా ఊహించని మరో సంగతి ఆవిరి గురించి. హాలోజన్, జినాన్ బల్బుల వేడి కొంత ముందు గ్లాసుకు చేరి మసకను ఆరబెడుతుంది. ఎల్‌ఈడీ వేడి దాదాపు అంతా వెనుకకే పోతుంది కనుక గ్లాసు చల్లగా ఉండి, అదే మసక ఎక్కువసేపు నిలుస్తుంది. పనిచేస్తున్న జినాన్‌ను తీయవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

మీ నట్టుకు వాషర్ లేకపోవడమే మొత్తం కథ. గిన్నె రంధ్రం కంటే బాగా వెడల్పైన రెండు రేకు వాషర్లు చేయించి, లోపల ఒకటి, బయట ఒకటి వేసి, బయటి దాని కింద సిలికాన్ రబ్బరు వలయం పెట్టండి. చిత్తూరులోనూ తిరుపతిలోనూ లేత్ ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా ఇవి కోసి ఇస్తారు. నట్టు పూర్తిగా బిగించే ముందు సవరణ స్క్రూలను నడిమి స్థానానికి తెచ్చి, లైటును గ్లాసు లేకుండానే కారులో పెట్టి, గోడ మీద సమతలంగా లాగిన దారంతో కటాఫ్ గీతను పోల్చండి. నట్టు చివరి బిగువులో ప్రొజెక్టర్ తనతోపాటు కొద్దిగా తిరుగుతుంది కనుక ఒకరు ముందు నుంచి దాన్ని పట్టుకోవాలి, ఇంకొకరు వెనుక నుంచి తిప్పాలి. బిగించాక మళ్లీ చూడండి. హై బీమ్ రేకు టక్కున లేచి పడుతోందో లేదో అప్పుడే పరీక్షించండి, గ్లాసు మూసిన తరువాత కాదు.

అతుకును వేడితో మెత్తబరచి విప్పడానికీ మూయడానికీ ఓవెన్ వేడి 105 నుంచి 120 డిగ్రీల మధ్య చాలు. బల్బులు, మూతలు, అన్ని స్క్రూలు ముందుగా తీసేసి, హౌసింగ్ ఇనుప జాలీకి తగలకుండా చెక్క మీద పెట్టండి. ఫిలమెంటు ఎర్రగా కాలే గ్రిల్ ఓవెన్ వద్దు, ఎదురుగా ఉన్న గ్లాసు ముందు కరుగుతుంది. కొత్త బ్యుటైల్ తాడును గాడిలో ఒక్క ముక్కగా పరచి, రెండు కొసలను లైటు పైభాగాన కాకుండా పక్కన కలిపి, మళ్లీ వేడిచేసి, క్లిప్పులు పడేదాకా నొక్కి, స్క్రూలు బిగించాలి. ఇదంతా ముసురు పట్టిన రోజున చేయవద్దు. మూయడానికి ముందు హౌసింగ్‌ను ఎండలో బాగా ఆరనివ్వండి, ప్లాస్టిక్ కూడా కొంత తేమను పట్టి ఉంచుతుంది.

కోసిన వెనుక మూతను మళ్లీ వాడకండి. పొడవైన రబ్బరు మూత కొత్తది తెచ్చి, తీగలు వచ్చే చోట సరైన కొలత రబ్బరు గ్రామెట్ (తీగ చుట్టూ బిగుసుకునే వలయం) పెట్టండి. తీగ మూతలోకి నేరుగా పైనుంచి దిగితే దాని వెంట నీరు లోపలికి జారుతుంది. అది ముందు కిందికి వంగి, తరువాత పైకి ఎక్కి మూతలోకి వెళ్లాలి, అప్పుడు నీటి చుక్క వంపులోనే రాలిపోతుంది. బ్యాలస్ట్‌ను హౌసింగ్ లోపల పెట్టకుండా బయట, వాన నేరుగా పడని చోట బిగించండి.

బంపర్ బిగించక ముందే లీకు పరీక్ష చేయాలి. ఒక గాలి గొట్టానికి చేపల తొట్టి గాలి పంపు సన్నని ట్యూబు తగిలించి, రెండోదాన్ని టేపుతో తాత్కాలికంగా మూసి, అతుకు చుట్టూ సబ్బు నీరు పూయండి. టైర్లకు వాడే కంప్రెసర్ గాలి పెడితే మంచి అతుకు కూడా తెరుచుకుంటుంది. బుడగ లేచిన చోట గుర్తు పెట్టి, అక్కడ మాత్రం హీట్ గన్‌తో వెచ్చచేసి నొక్కితే సరిపోతుంది. తరువాత టేపు తీయడం మరవకండి. తిరిగి వచ్చిన లైట్లలో నేను ఎక్కువగా చూసేది ఆ టేపునే.